నిందయు నన్వేషణమును

చరకసంహిత సూత్రస్థానములోని 21వ యధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి బలిసినవాడు, మిక్కిలి చిక్కినవాడు: ఈ యెనమండుగురును దేహవిషయమున నిందితులని యచట చెప్పబడినది. వీరిలో కడపటి యిద్దఱను గూర్చియే గ్రంథకర్త విస్తరించి వ్రాసెను. బలిసినవానికి ఆయువు తగ్గుట మొదలుగా ఎనిమిది దోషములు కలుగునని చెప్పి, బలియుటకు కారణములను లెక్కించుచు, అతిభోజనము, తీపిపదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర అనువానితో నాగక, బీజస్వభావమును గూడ చేర్చెను. అనగా తల్లిదండ్రుల వలన సంక్రమించునది యొకటి కలదని యాతడెఱుగును. మేదస్సుచేత మార్గములు మూసికొనిపోగా వాయువు కోష్ఠమునందే సంచరించి జఠరాగ్నిని రగుల్చుననియు, కావున స్థూలునకు ఆకలి మఱింత హెచ్చుననియు గూడ చెప్పెను. ఈ వాయువును, ఈ మార్గములను నేటి శరీరశాస్త్రము అంగీకరింపదు. అయినను ఆలోచన నడచిన దారి గమనింపదగినది. ఆకలి వ్యాధిని పుట్టించుటయే గాక వ్యాధియే ఆకలిని పుట్టింపవచ్చునని యా వైద్యుడు తలపోసెను.

వైద్యుడు ఏల యని యడిగెను. లోకము ఆ ప్రశ్నను విడిచి, నిందితుడను మాటను మాత్రము దాచుకొనెను. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని మనవారు నవ్వుదురు. బడిలో బొద్దుగా నున్న బాలునకు తోటివారు పెట్టు పేరు వానిని జీవితాంతము వెన్నాడును. పెండ్లిచూపులలో పిల్ల నడుము కొలతను పెద్దలు కన్నులతోనే కొలుతురు. నలువది దాటిన గృహిణి ఒడలు చేసినయెడల ఆమె సోమరితనమునకు ఋజువు దొరకినట్లే యింటివారు మాటలాడుదురు. ఇట్టి దేహమునకే యొక భయంకరవ్యాధి వచ్చెనేని, జాలితోపాటు "తానే తెచ్చుకొన్నది" అను మాట కూడ మెల్లగా వినబడును. ఆ మాట న్యాయమేనా యనునదే మేమిచట విచారింపబూనిన విషయము. స్థూలకాయము, జీవక్రియ, కాన్సరు అను మూడింటి సంబంధమును గూర్చి సంఘము చేయవలసినది ఉపదేశమా, పరిశోధనమా? పరిశోధనమే యైనచో దాని ఖర్చు నెవరు భరింపవలెను? అది యెట్లు జరుగవలెను?

ముందుగా స్థిరపడిన విషయములను చెప్పుకొందము. ఫ్రాన్సు దేశములోని లియోన్ నగరమున కాన్సరు పరిశోధనకై అంతర్జాతీయ సంస్థ యొకటి కలదు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందినది. దాని నిపుణులు 2002లో ప్రకటించిన గ్రంథమున, దేహములో అధికముగా క్రొవ్వు చేరకుండుట ఐదు విధములైన కాన్సరుల ప్రమాదమును తగ్గించునని నిర్ణయించిరి. 2016 నాటికి 1,000కి పైగా అధ్యయనములను పరిశీలించి ఆ సంఖ్యను 13కు పెంచిరి. పెద్దప్రేగు, కాలేయము, పిత్తాశయము, క్లోమము, మూత్రపిండము, గర్భాశయము, అండాశయము, థైరాయిడు గ్రంథి మొదలగువానికి వచ్చు కాన్సరులును, ముట్లు నిలిచిన పిమ్మట స్త్రీలకు వచ్చు రొమ్ము కాన్సరును ఆ పట్టికలో నున్నవి. అన్నింటిలోను గర్భాశయపు కాన్సరునకు స్థూలకాయముతో సంబంధము మిక్కిలి బలమైనది. సాధారణమైన బరువు గల స్త్రీలతో పోల్చినప్పుడు మిక్కిలి స్థూలులైన స్త్రీలకు ఈ వ్యాధి వచ్చు అవకాశము దాదాపు 7 రెట్లని వారు లెక్కగట్టిరి. అంతకు పూర్వము, 2003లో, అమెరికాలో 9,00,000 మందికి పైగా జనులను 1982 నుండి 16 సంవత్సరములు గమనించిన యొక అధ్యయనము వెలువడెను. మిక్కిలి స్థూలులైన పురుషులలో కాన్సరు మరణములు సాధారణమైన బరువు గలవారి కంటె నూటికి 52 పాళ్లును, స్త్రీలలో నూటికి 62 పాళ్లును అధికమని అందు తేలినది.

ఇచట నొక హెచ్చరిక అవసరము. ప్రమాదము హెచ్చుట వేఱు, వ్యాధి వచ్చితీరుట వేఱు. బలిసిన వారందఱికిని కాన్సరు రాదు. చిక్కిన వారందఱును దాని నుండి తప్పించుకొనరు. ఈ లెక్కలు సమూహములను గూర్చినవే గాని, మన వీధిలోని ఫలానా అమ్మ జాతకమును చెప్పునవి కావు. సమూహమునకు చెందిన సత్యమును తీసికొని వ్యక్తి ముఖమున కొట్టుట మనలో చదువుకొన్నవారు సయితము చేయుచున్న తప్పిదము.

ఇక ఈ సంబంధమునకు కారణమేమి? కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినంత మాత్రమున కాకియే పండును పడగొట్టెనని చెప్పరాదు. దీనినే మన నైయాయికులు కాకతాళీయమనిరి. కావున దేహములోపల జరుగు పనిని చూపినగాని కార్యకారణసంబంధము స్థిరపడదు. ఇంతవఱకు తెలిసినదానిని బట్టి చూడగా, క్రొవ్వు మనము తలచినట్లు అటుకపై దాచిన ధాన్యపుమూట వంటిది కాదు. అది పనిచేయు అవయవము. ముట్లు నిలిచి అండాశయము విశ్రమించిన పిమ్మట స్త్రీదేహములో ఈస్ట్రోజెను అను రసము ముఖ్యముగా ఈ క్రొవ్వునందే తయారగును. క్రొవ్వు అధికమైన కొలదియు ఆ రసము అధికమై రొమ్మునందును గర్భాశయమునందును కణములను పెరుగుమని ప్రేరేపించుచుండును. రెండవది ఇన్సులిను. దేహము దాని మాటను సరిగా విననప్పుడు క్లోమము మఱింత ఇన్సులినును స్రవింపజేయును. రక్తములోని చక్కెరను సర్దుటతో పాటు కణముల పెరుగుదలకును తోడ్పడు గుణము దానికి గలదు. మూడవది, అధికమైన క్రొవ్వులో నిత్యము కుమ్ములోని నిప్పువలె ఱగులుచుండు మంట. పైకి జ్వరము లేదు, నొప్పి లేదు. కాని రక్షకకణములు అచట చేరి విడువక స్రవించు పదార్థములు చుట్టునున్న కణములకు మేలు చేయవు.

ఈ మూడింటిలో ఏది యే కాన్సరునకు ఎంతవఱకు కారణమో, ఎవరియందు ఎప్పుడు మొదలగునో, బరువు తగ్గినంతనే తిరిగి సర్దుకొనునో లేదో, ఇవి పూర్తిగా తేలవలసిన విషయములు. ఇచటనే ఉపదేశకులు తొందరపడుదురు. "ఇంత విచారమేల? తక్కువ తినుము, ఎక్కువ నడువుము" అని యొక్క వాక్యముతో ముగింతురు. లంఖణము పరమౌషధమను సామెత వారికి తోడు. ఆ వాక్యము అసత్యమని మేమనము. మితాహారమును, నడకయు మంచివే. అయితే ఉపదేశము తెలిసిన దానికి తోడుగా నుండవలెను. తెలియనిదానిని కప్పిపుచ్చు ముసుగుగా నుండరాదు.

దీనికి రెండు నిదర్శనములు చూపెదము. మొదటిది బాలలకు సంబంధించినది. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును లెప్టిను అను పదార్థమును కనుగొనిరి. అది క్రొవ్వునుండి బయలుదేఱి, నిల్వలు చాలినవని మెదడునకు తెలుపు దూత. 1997లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు, పుట్టినది మొదలు తీఱని యాకలితో బాధపడుచు విపరీతముగా బరువు పెరిగిన యిద్దఱు బాలలను పరీక్షించిరి. వారిద్దఱును దగ్గఱి బంధువులు. ఆ బాలల దేహమున ఈ దూత లేనే లేదని తేలినది. వారిలో నొకరికి లెప్టినును సూదిమందుగా నిచ్చుచురాగా ఆకలి శాంతించి బరువు తగ్గుచున్నదని 1999లో ప్రకటించిరి. ఆ దూతను కనుగొనక ముందు ఇట్టి బిడ్డను చూచిన లోకమేమని యుండును? బిడ్డను తిండిపోతనియు, తల్లిని క్రమశిక్షణ నేర్పనిదనియు అని యుండును. ఈ లోపము మిక్కిలి అరుదైనది. బలిసిన వారందఱికిని ఇదే కారణమని చెప్పుట అజ్ఞానము. కాని మేము చెప్పదలచినది వేఱు. బయటినుండి చూచువాని కన్నునకు ఆ బిడ్డకును, కేవలము రుచులు మరిగిన బిడ్డకును భేదము కనబడదు. భేదమును చూపినది ప్రయోగశాల. కంటికి కనబడని దానిని గూర్చి నాలుక తీర్పు చెప్పుట న్యాయమగునా?

రెండవ నిదర్శనము పెద్దలను గూర్చినది. కొవ్వుపదార్థములు తగ్గించి తినినచో రొమ్ము కాన్సరు తగ్గునని చాల కాలము బుద్ధిమంతులు నమ్మిరి. ఆ నమ్మకము యుక్తియుక్తముగనే యుండెను. అమెరికాలో 1990 తరువాత ప్రారంభమైన స్త్రీల యారోగ్యపరిశోధనలో ముట్లు నిలిచిన 48,835 మంది స్త్రీలు ఈ పరీక్షకు తమ్మొప్పగించుకొనిరి. కొందఱు కొవ్వు తక్కువగా గల ఆహారమునకు మాఱిరి. తక్కినవారు తమ వాడుకనే యనుసరించిరి. దాదాపు 8 సంవత్సరములు గడచిన తరువాత 2006లో ఫలితము వెల్లడియైనది. రొమ్ము కాన్సరు కొంచెము తగ్గినట్లు కనబడెను గాని, ఆ తగ్గుదల కాకతాళీయము కాదని చెప్పుటకు చాలినంతగా లేకుండెను. మనము సులభమని తలచిన ప్రశ్న అంత సులభము కాదని యా స్త్రీల యోపిక మనకు నేర్పినది. స్వీడను దేశములో స్థూలకాయులకు జీర్ణాశయముపై శస్త్రచికిత్స చేసి అనేక వత్సరములు గమనించి, 2009లో ప్రకటించిన ఫలితము మఱింత విచిత్రమైనది. శస్త్రచికిత్స పొందిన స్త్రీలలో కాన్సరు స్పష్టముగా తగ్గినది. పురుషులలో అట్టి తగ్గుదల కనబడలేదు. తక్కువ తినుమను వాక్యములో ఈ చిక్కులకు ఎచట సమాధానమున్నది?

"ఇట్లనినచో మనుష్యుని ప్రయత్నమునకు విలువ యేమి? అన్నిటికిని గ్రంథులే కారణమైనచో, బీజమే కారణమైనచో, ఎవడు గాని నిగ్రహము పాటించునా?" అని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఇది త్రోసివేయదగిన యాక్షేపణ కాదు. మా సమాధానమిది. కారణము తెలిసిన కొలదియు మనుష్యుని ప్రయత్నమునకు దారి ఏర్పడును. తెలియనిచోట ప్రయత్నము గుడ్డియెద్దు చేలో బడినట్లుండును. మలేరియా దోమవలన వచ్చునని తెలిసిన పిమ్మట మనుష్యుని ప్రయత్నము తగ్గలేదు; దోమతెర మీదికి, మురుగుకాలువ మీదికి మఱలినది. నిగ్రహము గొప్ప గుణమే. కాని రాత్రి పాళీ పనిచేసి పగలు నిద్రపట్టని కార్మికుని, చౌకనూనెలో వేగిన చిరుతిండి తప్ప మధ్యాహ్నమున వేఱొకటి దొరకని గుమాస్తాను, నడచుటకు కాలిబాట లేని పట్టణములో బిడ్డలను పెంచుచున్న తల్లిని పిలిచి నిగ్రహమును బోధించి యింటికి పోవుట, బోధించువానికి సుఖమైన ధర్మము. అతనికి దానివలన కానియైన ఖర్చు కాదు.

ఇదియే మా వాదమునకు కీలకము. నిందించుటకు పైకము పట్టదు, తెలిసికొనుటకు పట్టును. ఉపదేశించు సంఘము తన యుపదేశము నిజమో కాదో పరీక్షించుటకు అగు వ్యయమును భరింపనిచో, దానికి ఉపదేశించు అధికారము లేదని మా యభిప్రాయము.

ఆ వ్యయమును ఎవరు భరింతురు? వర్తకులు కొంత భరింతురు. 2021లో అమెరికాలో సెమాగ్లుటైడు అను మందునకు బరువు తగ్గించుటకై అనుమతి లభించినది. ఇట్టి మందులను కనుగొని పరీక్షించుటకు కంపెనీలు విస్తారముగా ధనము వెచ్చించును. వెచ్చించినదానిని అమ్మకమువలన రాబట్టుకొనును. అందులో తప్పేమియు లేదు. కాని రాత్రిభోజనమును పెందలకడ ముగించుట వలన మేలు కలుగునా, బడిప్రక్కన ఆటస్థలము ఉండుట వలన ముప్పది యేండ్ల తరువాత రోగము తగ్గునా, పాలిష్ బియ్యమునకు మాఱుగా జొన్నలు తినుట వలన ఇన్సులిను శాంతించి కాన్సరు ప్రమాదము తగ్గునా యను ప్రశ్నలకు ఏ కంపెనీ ధనమిచ్చును? సమాధానము దొరకినను సీసాలో పోసి అమ్ముటకు వీలు లేదు గదా! అమ్మకమునకు రాని సత్యమును వెదకుటకే ప్రజాధనము అవసరము. ఊరందఱికిని పనికివచ్చు చెఱువును ఊరందఱును కలిసి త్రవ్వించుకొనినట్లే యిదియును.

ఇక ఈ ధనమును ఎట్లు వెచ్చింపవలెను? ఈ విషయమునకు సంబంధించిన దారములు నూఱేండ్లనుండియు వేఱువేఱు చేతులలో నున్నవి. 1914లోనే అమెరికాలో పేటన్ రౌస్ అనునాయన ఆహారము తగ్గించిన జంతువులలో గ్రంథుల పెరుగుదల మందగించుట గమనించెను. 1920 తరువాత జర్మనీలో ఆటో వార్‌బర్గ్ కాన్సరు కణములు చక్కెరను వింతగా వినియోగించుకొనుటను పరిశీలించెను. 1921లో కెనడాలో ఇన్సులిను కనుగొనబడినది. 1940 మొదలుకొని చికాగోలో ఆల్బర్టు టానెన్‌బామ్ అర్ధాహారముపై నుంచిన ఎలుకలకు గడ్డలు తక్కువగా లేచుటను ప్రకటించుచువచ్చెను. అయినను చక్కెరవ్యాధి వైద్యుడొక గదిలోను, కాన్సరు వైద్యుడొక గదిలోను, ఆహారశాస్త్రజ్ఞుడొక గదిలోను కూర్చుండి ఒకరి వ్రాతలు ఒకరు చదువక చాల కాలము గడపిరి. అంధగజన్యాయము మన బాలురకు సయితము తెలిసినదే. అయితే ఆ కథలో మనము గమనింపని యంశమొకటి కలదు. ఆ గ్రుడ్డివారిలో నెవడును అబద్ధమాడలేదు. వారి కొఱత యెల్ల తాము తడవిన దానిని కలిపి చూచుకొనుటకు ఒకచోట కూర్చుండకపోవుటయే.

అట్లు కూర్చుండబెట్టు ప్రయత్నములు జరిగినవి. 1992 నుండి ఐరోపాలో 10 దేశములు కలిసి 5,00,000 మందికి పైగా స్త్రీపురుషుల ఆహారమును, కొలతలను, రక్తమును సేకరించి, వారికి వచ్చు కాన్సరులను సంవత్సరముల తరబడి నమోదు చేయుచు వచ్చినవి. అమెరికాలోని జాతీయ కాన్సరు సంస్థ 2005లో ఆహారము, శరీరశ్రమ, బరువు, కాన్సరు అను విషయములను కలిపి శోధించుటకై 5 సంవత్సరములకు 5 కోట్ల 40 లక్షల డాలర్లను కేటాయించినది. క్లీవ్‌లాండు, సియాటిల్, మిన్నెసోటా, దక్షిణ కాలిఫోర్నియాలలోని నాలుగు విద్యాస్థానములను ఎన్నుకొని, వాని పనులను కూర్చుటకు వేఱుగా నొక సమన్వయకేంద్రమును గూడ ఏర్పఱచినది. 2011లో మఱి నాలుగు స్థానములతో రెండవ విడత ప్రారంభమైనది. కణములను చూచువారు, ఎలుకలను పెంచువారు, పిల్లల యలవాట్లను గమనించువారు, వీధుల యమరికను లెక్కించువారు ఒక్క పందిరి క్రిందికి వచ్చిరి.

సమన్వయమను మాట వినుటకు పెద్దదిగా నున్నను, దాని పని చిన్నచిన్న విషయములలో నుండును. అందఱును ఒక్క తీరు త్రాసుతో తూచవలెను. నడుమును ఒక్కచోటనే కొలువవలెను. రక్తమును ఒక్క విధముగా గడ్డకట్టించి దాచవలెను. నిన్న ఏమి తింటివను ప్రశ్నను ఒక్క మాటలతో అడుగవలెను. లేనియెడల గుంటూరు మానికకును, గోదావరి కుంచమునకును పొత్తు కుదరనట్లు ఒకరి లెక్కలు ఒకరికి పనికిరావు. వీటికంటె కష్టమైనది వేఱొకటి కలదు. పండితుడు "నాది" యను మమకారమును విడువవలెను. తాను పదియేండ్లు శ్రమపడి కూర్చిన లెక్కలను ఇతరుల ముందు పఱచవలెను. తన ఊహ తప్పని తేలినపుడు దానిని గూడ అచ్చువేయవలెను. మన పాతకాలపు పండితులలో తాళపత్రములను దాచి దాచి చెదలపాలు చేసినవారు కలరు. అట్టి స్వభావము ప్రయోగశాలలలోను లేకపోలేదు. ధనమిచ్చువారు ఈ త్యాగమును షరతుగా పెట్టి ధనమీయవలెను. అప్పుడే సమన్వయము నిజమగును. లేనిచో అది సభలకు, విందులకు, శిలాఫలకములకు సరిపోయి ఆగిపోవును.

ఇది పరదేశముల మాట యని మనము ఊరకుండవచ్చునా? ఉండరాదు, ఏలనగా పరదేశమున తెలిసినదంతయు మన దేహములకు యథాతథముగా వర్తింపదు. బరువును ఎత్తు వర్గముచే భాగించు సూచిక బెల్జియము గణితశాస్త్రజ్ఞుడు కెట్లే 19వ శతాబ్దిలో కల్పించినది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి నేటి పేరు పెట్టెను. ఈ సూచిక 25 దాటిన అధికబరువని లోకవాడుక. కాని ఆసియా జనులలో అంతకంటె తక్కువ బరువుననే ప్రమాదము మొదలగుచున్నదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు గుర్తించి, 23ను గూడ హెచ్చరికగా చేర్చిరి. పూనాలో చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును ఆయన సహచరులును నవజాతశిశువులను పరిశీలింపగా, మన శిశువులు సగటున దాదాపు 2.7 కిలోల బరువుతో, ఇంగ్లాండు శిశువులకంటె చాల చిన్నవారుగా పుట్టుచున్నను, కండ తగ్గినంతగా క్రొవ్వు తగ్గలేదని తేలినది. సన్నగా కనబడు దేహములో దాగిన క్రొవ్వు! కావున లావుపాటి పొరుగువానిని చూచి నవ్వుచున్న సన్ననివాని నడుములోపలనే యా ప్రమాదము కాపురముండవచ్చును. నిందించు కన్ను బలిసినవానికి అన్యాయము చేయుటయే గాక చిక్కినవానిని గూడ ఏమఱించుచున్నది.

2023లో ప్రకటింపబడిన అఖిలభారత మధుమేహ పరిశీలన ఇట్టి సమన్వయము మనదేశములో సాధ్యమేయని చూపినది. 2008 నుండి 2020 వఱకు 31 రాష్ట్రములలోను, కేంద్రపాలిత ప్రాంతములలోను 1,13,043 మందిని ఒక్క పద్ధతితో పరీక్షించిరి. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులున్నారనియు, వయోజనులలో నూటికి దాదాపు 40 మందికి నడుముచుట్టు క్రొవ్వు అధికముగా నున్నదనియు తేలినది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన కాకలిని గూర్చి నేర్పిన విద్యాపీఠము. అచటి ఎలుకల మందలోనే స్వభావసిద్ధముగా పుట్టిన స్థూలకాయపు ఎలుకలనుండి యొక జాతిని పెంచి పరిశోధనకు వినియోగించుచున్నారు. సాధనములు లేక మనము వెనుకబడలేదు. మధుమేహపు లెక్కలను, కాన్సరు నమోదులను, ఆహారపు లెక్కలను ఒక్క మనుష్యుని జీవితముపై కలిపి చూచు ఓపికయు, దానికి ఏండ్ల తరబడి ఆగక వచ్చు ధనమును మనకు కావలసియున్నవి.

"ఆకలితో నున్న బిడ్డలుండగా బలిసినవారికై ధనమేల?" అని దయాళువులు ప్రశ్నింతురు. ఆ దయను మేము గౌరవింతుము. కాని ఆకలియు స్థూలకాయమును రెండు వీధులలో నున్నవని తలచుట పొరపాటు. అవి ఒక్క యింటనే కాపురమున్నవి. గర్భమున అర్ధాహారముతో పెరిగిన శిశువు, పిమ్మట చౌకగా దొరకు తీపియు, నూనెయు తిని పెద్దదైనపుడు మధుమేహమునకు సులభముగా లొంగును. తల్లి కిచ్చు అన్నము కూతురి నడివయస్సునకు ఔషధమగునో కాదో తెలిసికొనుట పేదలకు సంబంధింపని విలాసము కాదు. అయితే అట్టి పరిశోధన పట్టణములోని ధనికులను మాత్రము తూచి ఊరకుండరాదు. కూలివాండ్రను, బీడీలు చుట్టు స్త్రీలను, కొండజాతులను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. రక్తమిచ్చినవారికి తమ ఫలితమును తమ భాషలో తెలిసికొను హక్కు ఉండవలెను. ఇచ్చినవారిని మఱచి పుచ్చుకొన్నవారు కీర్తి పొందుట విద్యకు శోభ కాదు.

ప్రభుత్వము చేయవలసినది చెప్పి గృహస్థులు చేయవలసినది చెప్పకుండుట సంస్కారప్రియులకు తగదు. కొలతబద్దతో, త్రాసుతో పరిశీలకులు వాకిటికి వచ్చినపుడు, వారి అనుమతిపత్రమును చదివి, సందేహములను అడిగి, నమ్మదగినవారైనచో లోనికి రానిండు. మీరిచ్చు అరగంట ఎన్నడో పుట్టబోవు యొక మనుమరాలికి ఉపకరింపవచ్చును. ఎన్నికలలో వంతెనలను గూర్చి అడిగినట్లే పరిశోధనను గూర్చి గూడ అడుగుడు. అన్నిటికంటె ముందు ఇంటిలో నింద మానుడు. నిందవలన బరువు తగ్గుట అటుండగా, సిగ్గు పెరుగును. సిగ్గుపడిన స్త్రీ వైద్యుని కడకు పోదు. ముట్లు నిలిచిన కొన్ని సంవత్సరములకు మరల రక్తము కనబడినచో అది గర్భాశయపు కాన్సరునకు గుఱుతై యుండవచ్చును, కాకపోవచ్చును. ఏదియైనను ఆలసింపక వైద్యపరీక్ష చేయింపవలెను. తొలిదశలో కనుగొనిన యా వ్యాధి పెక్కుమందికి నయమగుచున్నది. కాని "లావు తగ్గుమని తిట్టుదురు గాబోలు" నను భయముతో తల్లి ఆ సంగతిని కొడుకునకు చెప్పక, కోడలికి చెప్పక, నెలలు గడపినచో, ఆ నెలలను ఆమెనుండి హరించినది ఎవరు?

చరకుని నాటి వైద్యుడు తనకు గల సాధనములతో ఏల యని యడిగెను. మనకు అంతకంటె సూక్ష్మమైన సాధనములు కలవు, ఖజానాయును కలదు. ఆ ప్రశ్నను విడువక, ఒకరొకరుగా గాక కలిసి యడుగుటకును, వచ్చిన సమాధానము మన యిష్టమునకు వ్యతిరేకమైనను అంగీకరించుటకును మనము సిద్ధపడవలెను. అంతవఱకు మన యింటి బలిసిన మనుష్యుని నిందితుడనుటకు మనకు హక్కు లేదు.